స్టోమా ఉన్నవారికి రక్తం పలచబరిచే మందు: వార్ఫరినా, కొత్త మాత్రలా, ఇంజెక్షనా?

స్టోమా అంటే మలం బయట బ్యాగ్‌లోకి పోయేలా పేగును పొట్ట మీదకు తెచ్చి పెట్టిన రంధ్రం. ముందు చూడాల్సింది మందును కాదు, స్టోమా ఏ రకమో. కొలోస్టమీ (పెద్దపేగును బయటకు తెచ్చినది) అయితే టెన్షన్ అక్కర్లేదు. ఈ మాత్రలు ఎక్కువగా పొట్టలో, చిన్నపేగు పైభాగంలోనే ఒంట్లోకి ఇంకుతాయి. ఆ భాగం అలాగే ఉంటుంది. చిక్కంతా ఇలియోస్టమీతోనే (చిన్నపేగు చివరిభాగాన్ని బయటకు తెచ్చినది). అందులోనూ చిన్నపేగు చాలావరకు తీసేసినవారికి, రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు బ్యాగ్‌లోకి పోయేవారికి.

వార్ఫరిన్‌ది చపలబుద్ధి. యాంటీబయాటిక్ వాడినా, నాలుగు రోజులు సరిగ్గా తినకపోయినా, బ్యాగ్ నీళ్లలా నిండినా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగిపోవచ్చు. అయినా దీన్ని కొట్టిపారేయలేం. మందు పనిచేస్తోందో లేదో ఒక్క రక్తపరీక్షలో తెలిసిపోతుంది. చాలామందికి ఐఎన్ఆర్ 2, 3 మధ్య ఉండేలా డోసు సర్దుతారు. పేగు ఎంత మిగిలిందో, మందు ఒంట్లోకి ఎంత చేరుతోందో అనుమానం ఉన్నప్పుడు ఈ సౌకర్యం చిన్నది కాదు. లోహపు గుండె కవాటం ఉన్నవారికైతే అసలు పోలికే లేదు, వార్ఫరినే వాడాలి.

కొత్త మాత్రలకు (డాబిగట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్) ఆ పరీక్షల బెడద లేదు. కానీ మందు ఒంట్లోకి సరిగ్గా చేరకపోయినా మామూలు పరీక్షల్లో బయటపడదు. అన్నీ ఒకలాంటివీ కావు. డాబిగట్రాన్‌లో ఒంటికి చేరేదే పదో వంతులోపు. చేరినదాంట్లో 80 శాతం దాకా కిడ్నీల ద్వారానే పోవాలి. ఇలియోస్టమీ ఉన్నవారిలో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతినడం తరచూ చూసేదే. అప్పుడు మందు పేరుకుని రక్తస్రావం కావచ్చు. అందుకే వీరికి దీన్ని నేను చివర్లో పెడతాను. రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు తిండితోనే వేసుకోవాలి. ఆకలి లేని రోజుల్లో అదో ఇబ్బంది. అపిక్సబాన్‌లో కిడ్నీల వాటా సుమారు పావువంతే. రెండు పూటలా గుర్తుపెట్టుకోవాలి, అంతే. కొలోస్టమీకి, బ్యాగ్ అదుపులో ఉన్న ఇలియోస్టమీకి నా ఓటు దీనికే.

ఎనోక్సాపరిన్ ఇంజెక్షన్‌కు పేగుతో పనే లేదు. ఆపరేషన్ కొత్తలో, బ్యాగ్ అదుపు తప్పిన రోజుల్లో అదే నమ్మకం. కమిలిన మచ్చలు తప్పవు, కిడ్నీలు బాగా మందగిస్తే డోసు తగ్గించాలి.

ఏది వాడినా, బ్యాగ్‌లో కరగని మాత్ర కనిపిస్తే ఇంకోటి మింగేయకుండా డాక్టరుకు చెప్పండి. స్టోమా తుడిచేటప్పుడు కాస్త రక్తం అంటడం మామూలే, మెత్తటి గుడ్డతో కాసేపు నొక్కితే ఆగుతుంది. ఆగకపోయినా, లోపలి నుంచి వస్తున్నా, బ్యాగ్‌లో నల్లగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.