పాలకొల్లులో మా ఫ్లెక్సీ షాపుకి కొన్న సిస్టమ్

ల్యాప్‌టాప్ తీసుకోమని మా బావమరిది ఒకటే పోరండి. నేను వినలేదు, భీమవరంలో డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించాను. రైజెన్ 7 7700 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఫైళ్ళు దాచుకోడానికి 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్. విడిగా గ్రాఫిక్స్ కార్డు అంటగట్టబోయారు, వద్దన్నాను. ఈ ప్రాసెసర్లోనే గ్రాఫిక్స్ ఉంది, మన కోరల్‌డ్రా, ఫొటోషాప్‌లకి ముందు కావాల్సింది ర్యామ్.

20 బై 10 అడుగుల ఫ్లెక్సీ 72 డీపీఐలో, అంటే అంగుళానికి 72 చుక్కల లెక్కన పెట్టినా 17,280 బై 8,640 పిక్సెల్సు. అందులో పైన హీరో గారు, పక్కన నాయకుడు గారు, కింద వరసగా ఊళ్ళో కుర్రాళ్ళు, ఒక్కొక్కడిదీ ఒక్కో లేయరు! పాత 8 జీబీ సిస్టమ్‌లో సేవ్ కొట్టి టీకి వెళ్ళొచ్చేవాణ్ణి. సంక్రాంతి గిరాకీలో ఇది ఎక్కడా మొరాయించలేదు. తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లూ చక్కగా ఎక్కాయి.

మిగిలిన డబ్బు రంగులు బాగా చూపించే ఐపీఎస్ మానిటర్‌కి పెట్టాను. ఎంత మంచి మానిటరైనా, తెర మీద మెరిసే ఆకుపచ్చ, అచ్చుకి వాడే సీఎంవైకే రంగుల్లో చప్పబడుతుంది. పెళ్ళి కార్డుల వాళ్ళకి అది ముందే చెప్పేస్తాను.

నచ్చనిది క్యాబినెట్. రంగుల లైట్లు బోలెడు, దుమ్ము ఆపే జాలీ మాత్రం లేదు. యూపీఎస్ కూడా ఆ బిల్లులో రాదు, విడిగా కొనుక్కోవాల్సిందే.