మూడు కర్రల బొంత చట్రం: ఇంట్లో అది తినే చోటు

చేతితో బొంతలు కుట్టేవారి కోసం చేసిన మూడు కర్రల చెక్క చట్రాన్ని ఏడాదిగా వాడుతున్నాను. దాని మీద రెండు పెద్ద బొంతలు పూర్తయ్యాయి. మడిస్తే మంచం కిందికి వెళ్లిపోతుందన్న ప్రకటన చూసి కొన్నాను. ఆ మాట అబద్ధం కాదు గాని, బొంత ఎక్కించిన చట్రాన్ని మడవడం కుదరదనీ, చేతికుట్టు బొంత నెలల తరబడి చట్రం మీదే ఉంటుందనీ అందులో చెప్పలేదు.

పాత పద్ధతి చట్రంతో పోలిస్తే ఇది మిగిల్చే చోటు తక్కువేమీ కాదు. నాలుగు పొడవాటి కర్రలను మూలల్లో క్లాంపులతో బిగించి, వాటికి కొట్టిన గుడ్డ పట్టీలకు అంచులను కుట్టి, బొంత మొత్తాన్ని పరిచే ఆ చట్రం మీద 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు గల బొంతను ఎక్కిస్తే ఒక గది దాదాపు నిండిపోతుంది. చుట్టూ వేసే కుర్చీలు అదనం. 19వ శతాబ్దపు అమెరికాలో కొన్ని ఇళ్లలో దాన్ని తాళ్లతో పైకప్పుకు వేలాడదీసి, పని ముగియగానే పైకి లాగేసేవారు. మూడు కర్రల చట్రంలో పై గుడ్డ ఒక కర్రకు, అస్తరు మరో కర్రకు చుట్టి ఉంటాయి, నడుమ దూది పొర వదులుగా వేలాడుతుంది, కుట్టిన భాగం మూడో కర్రకు చుట్టుకుంటూ పోతుంది. అందువల్ల పొరలన్నిటినీ నేల మీద పరిచి, అవి కదలకుండా తాత్కాలికంగా టాకాలు వేసే పని తప్పుతుంది. నా లెక్కలో అసలు ఆదా అదే, ఎందుకంటే అంత ఖాళీ నేల నాకెప్పుడూ దొరకలేదు. చట్రం వెడల్పు 30 అంగుళాలు దాటదు, పొడవు మాత్రం 100 అంగుళాలు.

లోపం కర్రల్లో ఉంది. అవి రెండేసి ముక్కలుగా వచ్చి లోహపు గొట్టంతో కలుస్తాయి. బరువు పెరిగిన కొద్దీ అతుకు దగ్గర కర్ర కుంగి, అస్తరు ముడతపడి, నేను రెండు చోట్ల కుట్లు విప్పవలసి వచ్చింది. తయారీదారుకు రాస్తే బిగింపు పెంచమన్నారు. సూదిని కిందికీ పైకీ ఊపుతూ ఒకేసారి మూడు నాలుగు కుట్లు ఎక్కించుకోవాలంటే గుడ్డ కాస్త వదులుగానే ఉండాలి గనుక ఆ సలహా నాకు పనికిరాలేదు. బిగింపును ఒక్కో పన్నుగా మార్చుకోనిచ్చే పళ్ల చక్రాలకు మాత్రం వంక పెట్టలేను.

కాళ్లు విప్పి, చుట్టిన బొంతతో సహా కర్రలను గోడవారగా పడుకోబెట్టవచ్చు. విప్పడానికి పావుగంట, బిగించడానికి మరో పావుగంట పట్టడంతో రెండు వారాలకే మానేశాను. ఇప్పుడది సోఫా వెనుకే నిలబడి ఉంది. పైన పాత దుప్పటి కప్పుతున్నాను, లేకపోతే ఇంట్లోవాళ్లు దాన్ని దండెం అనుకుని తడిబట్టలు వేస్తారు.

అంత పొడవు ఖాళీ గోడ లేనివారికి బొంతను కొంత కొంతగా బిగించి పట్టే 14 నుంచి 18 అంగుళాల గుండ్రటి రింగు చాలు. దానికి టాకాలు దగ్గర దగ్గరగా వేసుకోవాలి, పని ఆపినప్పుడల్లా రింగు తీసేయాలి, తీయకపోతే గుడ్డ మీద గుండ్రటి మడత నిలిచిపోతుంది. గోడ ఉన్నవారు అతుకు లేని కర్రల రకాన్ని అడిగి తీసుకోవడం మేలు, అయితే అంత పొడవు కర్ర మెట్ల మలుపు తిరిగి గుమ్మంలోంచి లోపలికి వస్తుందో లేదో ముందే టేపు పెట్టి కొలుచుకోవాలి.