టైప్ వన్ షుగర్ పిల్లల తల్లిదండ్రుల గ్రూపు: ఏళ్ల తరబడి వాడాక, ప్రకటనల గురించి నా మాట

ఈ గ్రూపులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక్కటే, ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ అమ్మరు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించిందీ ఆ విషయమే. ఒకసారి ఆ కట్టుబాటు తప్పింది, తప్పిన ఆ కొద్ది రోజుల్లోనే ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి వచ్చింది. అందుకే మిగతా సంగతులు పెద్దగా రాయను. షుగర్ పిల్లల తల్లిదండ్రులు గ్రూపుల్లో ఏం మాట్లాడుకుంటారో ఈ బాధ ఉన్నవాళ్లందరికీ తెలిసిందే.

మాది కల్వకుర్తి. చిన్న కిరాణా కొట్టు ఉంది. పాప రెండో తరగతిలో ఉండగా టైప్ వన్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాక రోజూ సూది తప్పని రకం షుగర్, బయటపడింది, ఇప్పుడు ఏడో తరగతి. హాస్పిటల్లో పక్క బెడ్డు వాళ్లు చెప్తే గ్రూపులో చేరాను. జడ్చర్ల నుంచి కోదాడ పోయే రోడ్డు పొడవునా ఉన్న ఊళ్లవాళ్లే ఎక్కువ. దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ నుంచి చాలామంది ఉన్నారు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వైపువాళ్లు కొందరు. నడిపేది నలుగురు. ఒక స్టాఫ్ నర్సు, ఒక రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్, ఇద్దరు మాలాంటి తల్లిదండ్రులు. వాళ్లకు ఇందులో పైసా రాదు. రాత్రి పూట ఫోన్ మోగితే ఎత్తుతారు, అంతే.

వీళ్లు ఎంత పనికొస్తారో ఒక్క ఉదాహరణ చెప్తాను. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా 40 యూనిట్లది, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ రంగు మూతది. ఒకసారి మెడికల్ షాపులో ఎర్ర మూతవి అయిపోయాయని నారింజ మూతవి ఇచ్చారు. "సూది సూదే కదమ్మా" అన్నాడు షాపతను. అనుమానం వచ్చి ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. నర్సక్క మెసేజ్ కూడా పెట్టలేదు, నేరుగా ఫోనే చేసింది. 40 యూనిట్ల మందును ఆ సిరంజిలో 10 గీత దాకా తీస్తే లోపలికి పోయేది 4 యూనిట్లే అని చెప్పింది. తారుమారైతే ఇంకా ప్రమాదం. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా తీస్తే 25 యూనిట్లు పోతాయి, షుగర్ బాగా పడిపోయి పిల్లలు కళ్లు తేలేస్తారు. కొట్టులోని కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో సీసా ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడే చెప్పింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కడితే కరిగాక కూడా వాడకూడదు, పారేయాల్సిందే. కాబట్టి లోపలి గోడకు ఆనకుండా, డబ్బాలో పెట్టి, తలుపు వైపు ఉంచమంది.

ఇలాంటి మాటలు వినీ వినీ ఆ గ్రూపులో ఎవరు ఏం చెప్పినా మనకు నమ్మకం కుదురుతుంది. అమ్మేవాళ్లకు కావాల్సింది ఆ నమ్మకమే. బస్టాండు గోడ మీద "షుగర్ శాశ్వతంగా మాయం" అని కాగితం అంటిస్తే మనం చూసి పోతాం. అదే మాట నర్సక్క మెసేజ్ కింద, ఇంకో తల్లి రాసినట్టు వస్తే ఆగి చదువుతాం.

కట్టుబాటు తప్పిన ఆ మే నెలలో నర్సక్కకు వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. ల్యాబ్ సార్ ఇంట్లో పెళ్లి. అప్పట్లో లింకు దొరికితే ఎవరైనా నేరుగా చేరిపోవచ్చు. అలా ఒక కొత్త నంబరు వచ్చింది. ప్రొఫైల్‌లో యూనిఫాం వేసుకున్న బాబు ఫొటో. మొదట ఏమీ అమ్మలేదు. అందరి పిల్లలకూ మంచి జరగాలని రాసింది, ఎవరికైనా షుగర్ ఎక్కువ వస్తే "ధైర్యంగా ఉండు అక్కా" అంది. కొన్నాళ్లకు ఒక పొడుగాటి మెసేజ్ పెట్టింది. వాళ్ల బాబుకు షుగర్ 480 ఉండేదట, రోజుకు నాలుగు సూదులు పొడిచేవాళ్లట, ఒక పొడి వాడాక ఇప్పుడు ఒక్క సూది కూడా లేదట. కింద రెండు ల్యాబ్ రిపోర్టుల ఫొటోలు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఒకదాంట్లో 11 దాటింది, రెండోదాంట్లో 7 లోపు. ధర రాయలేదు, కంపెనీ పేరు లేదు. "కావాలంటే పర్సనల్‌గా అడగండి" అని మాత్రం ఉంది. ధర లేదు కాబట్టి అది ప్రకటన అని ఎవరికీ తట్టలేదు. కింద దండాలు, పూల గుర్తులు వరసగా పడ్డాయి.

నేను అడగకపోయినా నాకు మెసేజ్ వచ్చింది. గ్రూపులో ఉన్నవాళ్ల నంబర్లు అందరికీ కనిపిస్తాయి కదా. "పాప బరువెంత అక్కా? ఎన్ని యూనిట్లు వేస్తున్నారు?" అని చాలా ఆప్యాయంగా మొదలుపెట్టింది. ఆ వెంటనే కోర్సు ధర, రెండు కోర్సులు కలిపి తీసుకుంటే కొరియర్ ఖర్చు లేదన్న మాట, డబ్బులు వేయడానికి స్కాన్ చేసే కోడు. మీ బాబుకు ఇంతకుముందు ఏ ఇన్సులిన్ వేసేవాళ్లు అని అడిగాను. "షుగర్ ఇన్సులినే అక్కా" అని జవాబు. రోజుకు నాలుగుసార్లు బిడ్డకు సూది వేసిన తల్లి అలా చెప్పదు. పొద్దున్న ఏది, రాత్రి ఏది, ఎన్ని యూనిట్లు అని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. స్క్రీన్‌షాట్లు తీసి నలుగురు అడ్మిన్లకూ పంపాను. నర్సక్క డ్యూటీ దిగి చూసేసరికి తెల్లారింది. పోస్టు తీసేసి ఆ నంబరును బయటికి పంపింది. అప్పటికే అది రెండు రోజులు గ్రూపులో ఉంది.

ఆ తర్వాత వారం ఒక సాయంత్రం అచ్చంపేట వైపు ఒక అమ్మాయి రాసింది. వాళ్ల పాపకు జబ్బు బయటపడి అప్పటికి కొన్ని నెలలే. "పొద్దుటి నుంచి వాంతులు, కడుపులో నొప్పి. ఎండదెబ్బ అనుకుంటున్నం. నిమ్మకాయ నీళ్లల్ల చక్కెర కలిపి తాగిస్తున్నం" అని. అందరం ఎండల గురించే మాట్లాడాం, ఆ రోజులు అలాంటివి. హాలియా దగ్గర అన్న ఒకాయన, మా అడ్మిన్లలో ఒకరు, ఒకే మాట అడిగారు. "ఇన్సులిన్ ఆఖరుసారి ఎప్పుడేసినవ్ చెల్లె?"

చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఏడుస్తూ వాయిస్ మెసేజ్. పొడి తెప్పించిందట. మొదట యూనిట్లు తగ్గించిందట, అయినా షుగర్ బాగానే ఉందట. అందుకే పూర్తిగా ఆపేసిందట. ఊపిరి గట్టిగా, వేగంగా తీస్తోందా, నోటి నుంచి మాగిన పండు వాసన వస్తోందా అని అన్న అడిగారు. రెండూ ఉన్నాయంది. "ఆటో కోసం చూడకు, 108కి చెయ్. హాస్పిటల్ల మొదటి మాట టైప్ వన్ అని చెప్పు, ఇన్సులిన్ ఆపినమని చెప్పు, దాచకు" అన్నారు. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన ఫోన్ లైన్లోనే ఉన్నారు. కీటోయాసిడోసిస్. ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, దాంతో రక్తంలో ఆమ్లం పేరుకుపోతుంది. చూడ్డానికి అచ్చం ఎండదెబ్బలాగా, కడుపు చెడినట్టుగా ఉంటుంది. ఐసీయూలో పెట్టారు. పాప బతికింది, ఇప్పుడు బడికి పోతోంది.

నర్సక్క ఆ తర్వాత పెట్టిన వాయిస్ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టిన పిల్లల్లో కొందరికి కొన్ని వారాలు, కొన్ని నెలలు డోసు బాగా తగ్గిపోతుందట. ఇన్సులిన్ తయారుచేసే కణాల్లో మిగిలిన కాసిన్ని తేరుకుని పనిచేస్తాయి, దాన్నే డాక్టర్లు హనీమూన్ పీరియడ్ అంటారు. అది తాత్కాలికం, ఏ పొడి వల్లా వచ్చేది కాదు. అంటే ఆ రెండు రిపోర్టులు నిజమైనవే కావచ్చు. ఎవరో ఒక బిడ్డ హనీమూన్ పీరియడ్‌ను ఫొటో తీసి పొడికి అంటించారు. దొంగ రిపోర్టు అయితే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లం, నిజం రిపోర్టును ఎలా పట్టుకుంటాం? నా కోపం దాని మీదే. ఇన్సులిన్ అలవాటైతే వదలదు అనేవాళ్లకు కూడా ఆ మెసేజ్‌లో జవాబుంది. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి 14 ఏళ్ల అబ్బాయికి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్లే కాదు. ఇది అలవాటు కాదు, ఒంట్లో లేని దాన్ని బయటి నుంచి ఇవ్వడం.

గ్రూపులో పైన ఇప్పుడు ఒక మెసేజ్ అంటించి ఉంటుంది. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954 నుంచి ఉంది. నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడని జబ్బుల పట్టికలో మధుమేహం ఉంది. అలాంటి ప్రకటన ప్రచారంలో ఎవరూ ఏ రకంగానూ పాలుపంచుకోకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. తెలంగాణలో ఔషధ నియంత్రణ శాఖ ఈ చట్టం కింద దాడులు చేసి సరుకు పట్టుకుంటూనే ఉంది. మా వాళ్లు కూడా స్క్రీన్‌షాట్లతో అక్కడ ఫిర్యాదు ఇచ్చారు. చట్టం పేరు కనబడితే ఊరికే ఫార్వర్డ్ చేసేవాళ్లు చాలావరకు ఆగుతారు, అది నేను చూశాను.

ఇంకో మార్పు నాకు బాగా నచ్చింది. ఇప్పుడు లింకుతో నేరుగా చేరలేరు. చేరతామని అడిగినవాళ్లకు ఒక అడ్మిన్ ఫోన్ చేసి, మీరు వాడే సిరంజి మూత ఏ రంగు అని అడుగుతారు. సిరంజి బదులు ఇన్సులిన్ పెన్ను వాడేవాళ్లనైతే సూది ఎన్ని మిల్లీమీటర్లది అంటారు. తల్లిదండ్రులు ఆలోచించకుండా చెప్తారు. అమ్మకానికి వచ్చినవాళ్లు తడబడి ఫోన్ పెట్టేస్తారు. ఎక్కడా నేర్చుకున్న పద్ధతి కాదు, వీళ్లకు వీళ్లే కనిపెట్టుకున్నది.

గ్లూకోమీటర్లు అమ్మే ఒకతను ఆ మధ్య అందరికీ మీటర్లు ఉచితంగా ఇస్తాను, వారానికి ఒక పోస్టు వేసుకోనివ్వండి అన్నాడు. అడ్మిన్లు ఒప్పుకోలేదు. కొందరికి బాధేసింది, నాకు మాత్రం సరైన పనే అనిపించింది. మీటర్ ఎప్పుడూ ఖర్చు కాదు, ఖర్చంతా స్ట్రిప్పులది. ఒక మీటర్‌కు ఇంకో కంపెనీ స్ట్రిప్పు పట్టదు. రోజుకు నాలుగైదుసార్లు చూసే ఇంట్లో ఉచిత మీటర్ ఎటు తీసుకుపోతుందో లెక్క వేసుకోవచ్చు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని మాటలు కూడా చెప్పాలి. ఎవరూ ఏమీ అమ్మరు అన్నాను గానీ, అది గ్రూపులో కనిపించేదాని వరకే. విడిగా వచ్చే మెసేజ్‌లు ఆగలేదు. నంబర్లు ఒకసారి ఎవరి చేతికో పోయాయి, ఇప్పటికీ నెలలో రెండు మూడు వస్తాయి, బ్లాక్ చేస్తూ పోవడమే. ఇందులో అడ్మిన్లు చేయగలిగింది కూడా లేదు. ఇక కట్టుబాటు గట్టిగా పట్టడం మొదలయ్యాక మంచివీ పోతున్నాయి. ఒకామె తన కొడుకు పెన్నుకు మారాడని మిగిలిన సిరంజిలు ఊరికే ఇస్తానంటే ప్రకటన అని తీసేశారు. దేవరకొండలో కంటి పరీక్షల శిబిరం ఉందన్న మెసేజ్ కూడా తీసేశారు, అది పెట్టేది ప్రైవేటు హాస్పిటలని. ఆ రెండోదాంట్లో వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మొదటిదాన్ని ఉంచాల్సిందనే అంటాను, అడ్మిన్లకూ అదే చెప్పాను. ఇప్పుడు ఊరికే ఇచ్చేవాటికి శనివారం ఒక్క పూట వదులుతున్నారు, అది కొంత నయం.

ఫోన్ చేసి అడిగే పద్ధతితోనూ ఒక ఇబ్బంది ఉంది. నిన్ననే జబ్బు బయటపడిన వాళ్లకు మూత రంగు తెలియదు. హాస్పిటల్లో నర్సే వేస్తుంది కదా. నాకు తెలిసిన ఒక నాయనమ్మ ఒక్కతే మనవడిని చూసుకుంటోంది, కొడుకూ కోడలూ పనికి ముంబై పోయారు. ఆమెను చేర్చుకోవడానికి వారం పట్టింది. మొదటి వారంలోనే భయం ఎక్కువ, అడగాల్సిన మాటలూ అప్పుడే ఎక్కువ. డిశ్చార్జ్ కాగితం ఫొటో చూసి చేర్చుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

నేను ఈ గ్రూపుకు మంచి మార్కులే వేస్తాను. అయితే నా పరిస్థితి వేరు. రోజంతా కొట్టులోనే ఉంటాను, ఫోన్ చేతిలో ఉంటుంది, చదవగలను, ఎవరైనా తేడాగా మాట్లాడితే నిలబెట్టి అడుగుతాను. పత్తి చేలోకి పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చే తల్లికి వందల మెసేజ్‌ల్లో ఏది నర్సక్కదో, ఏది కొత్త నంబరుదో చూసే తీరిక ఉండదు. కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లకు అసలు కుదరదు. హైదరాబాద్‌లో ఉండి, డాక్టర్ దగ్గర పనిచేసే డయాబెటిస్ ఎడ్యుకేటర్ నంబరు చేతిలో ఉన్నవాళ్లకు దీని అవసరం అంతగా ఉండకపోవచ్చు. నల్లమల అంచు ఊళ్లవాళ్లకు మాత్రం చేరమనే చెప్తాను. చేరిన రోజే ప్రొఫైల్‌లో బిడ్డ ఫొటో తీసేయండి, బడి పేరు కనిపించే యూనిఫాం ఫొటో అసలే వద్దు. విడిగా వచ్చి మందు గురించి ఎవరు మాట్లాడినా జవాబు ఇవ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి అడ్మిన్‌కు పంపండి. డోసు మార్చాలనిపిస్తే మీ డాక్టర్‌నే అడగండి, మా నర్సక్క కూడా ప్రతిసారీ అదే చెప్తుంది.