మచ్చలేని పాత కార్డా, సంతకం పడిన కార్డా?

ఆటగాడి బొమ్మ అచ్చువేసిన పాత బేస్‌బాల్ కార్డు మీద ఏ పిల్లాడో పెన్నుతో గీస్తే దాని విలువ సగానికి సగం దిగిపోతుంది. కార్డు ఎంత బాగుందో చూసి గ్రేడు ఇచ్చే సంస్థ పీఎస్‌ఏ అలాంటి కార్డుకు గ్రేడు పక్కనే ‘ఎంకే’ అని గుర్తు వేస్తుంది. అదే గీత ఆ బొమ్మలోని ఆటగాడు స్వయంగా పెట్టిన సంతకమైతే, కొనేవాళ్లు ఎగబడతారు.

న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో, చిన్నప్పుడు క్రికెటర్ల సంతకాల కోసం తిరిగిన పిచ్చి మళ్లీ లేచి నేనూ ఈ కార్డుల్లో పడ్డాను. ఉన్న డబ్బుతో మూడు దారులు కనిపించాయి: సంతకం లేని శుభ్రమైన పాత కార్డు, అరిగినా ఆటగాడి సంతకం ఉన్న పాత కార్డు, కంపెనీయే సంతకం చేయించి ప్యాకెట్లో పెట్టి అమ్మే కొత్త కార్డు.

మూడోదాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1990లో అప్పర్ డెక్ అనే కార్డుల కంపెనీ ఆటగాడు రెజీ జాక్సన్ చేత 2,500 కార్డుల మీద సంతకం చేయించి ప్యాకెట్లలో కలిపింది. అప్పటినుంచి ఈ పద్ధతి ఊపందుకుంది. నకిలీ భయం తక్కువే. కాకపోతే చాలావాటిలో సంతకం ఉండేది స్టిక్కరు మీద. దాన్ని తర్వాత కార్డుకు అతికిస్తారు. ఆటగాడు ఆ కార్డును చేత్తో ముట్టుకోనే లేదన్నమాట. నాకది రుచించలేదు.

శుభ్రమైన పాత కార్డుకు ఉన్న బలం వేరు. టాప్స్ కంపెనీ 1952లో వేసిన, ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. దాని మీద పెన్ను సంతకం లేదు. నాలుగు మూలలూ పదునుగా ఉండటమే దాని గొప్ప. గ్రేడునుబట్టి పాత అమ్మకాల ధరలు దొరుకుతాయి కాబట్టి కొనడం, అమ్మడం తేలిక. కానీ ఒక్క గ్రేడు తేడాతో ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. అంచులు కత్తిరించి కొత్తదానిలా చూపే మోసగాళ్లూ తక్కువేం కాదు. డబ్బు దాచుకునే దృష్టితో కొనేవాళ్లకు ఇదే సరైన దారి.

నా మనసు మాత్రం రెండోదాని మీదే. తిప్పలన్నీ అక్కడే, మజా కూడా అక్కడే.

మొదటి తిప్ప నాకే ఎదురైంది. పాత సామాన్ల సంతలో 1975 టాప్స్ కార్డు ఒకటి చూసి, సంతకం ఉందని ఎగిరి గంతేసి కొన్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, ఆ సంవత్సరం కార్డుల మీద సంతకం అచ్చులోనే వస్తుందని! 1952, 1954, 1955 టాప్స్ కార్డులూ అంతే. అసలు సంతకమైతే వాలు వెలుతురులో పట్టి చూస్తే బాల్‌పాయింట్ ఒత్తిన గాడి కనిపిస్తుంది, లేదా సిరా అచ్చురంగు మీద వేరుగా మెరుస్తుంది.

రెండో తిప్ప నకిలీలు. ఇక్కడ పెన్నే సాక్ష్యం చెబుతుంది. అమెరికా దుకాణాల్లోకి బాల్‌పాయింట్ వచ్చింది 1945లో. పాతతరం ఆటగాడు లూ గెహ్రిగ్ పోయింది 1941లో. గెహ్రిగ్ సంతకం బాల్‌పాయింట్‌తో ఉందంటే ఇక చూడక్కర్లేదు. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది, కాబట్టి 1948లో పోయిన మరో పాతతరం ఆటగాడు బేబ్ రూత్ షార్పీ పట్టుకునే అవకాశమే లేదు. 1990ల చివర్లో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో నకిలీ సంతకాల ముఠాల మీద పడినప్పుడు మదర్ థెరిసా సంతకమున్న బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి. ఆవిడ బేస్‌బాల్ ఎప్పుడు ఆడిందో మరి!

అందుకే సంతకాన్ని పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసినవే కొనండి. కార్డుకు ఒక గ్రేడు, సంతకానికి ఒక గ్రేడు విడివిడిగా ఇస్తారు. ఇందులో మనలాంటి వాళ్లకు ఒక వీలుంది. సంతకం కోసం కొనేవాళ్లు మూల నలిగినా, మధ్యలో మడత పడినా పెద్దగా పట్టించుకోరు. కాబట్టి కార్డు గ్రేడు తక్కువగా, సంతకం గ్రేడు ఎక్కువగా ఉన్నది చూసుకుంటే చవకలో పడుతుంది.

ఎవరి సంతకం అన్నది ఇంకా ముఖ్యం. ఆటగాడు రోబెర్టో క్లెమెంటే 1972 డిసెంబరు 31న విమాన ప్రమాదంలో పోయాడు. అతని సంతకాలు తక్కువ, ధర మన అందుబాటులో ఉండదు. 2010 దాకా బతికిన బాబ్ ఫెల్లర్ అడిగినవాళ్లందరికీ సంతకం పెట్టాడు కాబట్టి మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఉన్నవాడైనా కార్డు తేలిగ్గా దొరుకుతుంది. బ్రూక్స్ రాబిన్సన్‌దీ అదే తీరు. ఒక్క మెలిక: ఫెల్లర్ ఆడే రోజుల్లో ఫౌంటెన్ పెన్నుతో పెట్టిన సంతకం వేరు, ముసలితనంలో కార్డుల ప్రదర్శనల్లో మార్కర్‌తో పెట్టింది వేరు. మొదటిదానికి ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినా సంకోచించను.

ఇక నేను మొదట వెతికేది ఆటగాడు హార్మన్ కిల్‌బ్రూ కార్డునే. సంతకం నలుగురూ చదవగలిగేలా పెట్టాలని కుర్ర ఆటగాళ్లకు చెప్పిన మనిషాయన. నా దగ్గరున్న కార్డుకు ఒక మూల లేదు, వెనక ఎవరో జిగురు పూసిన మరక ఉంది. పేరు మాత్రం అక్షరం అక్షరం చదవొచ్చు. ఎండ తగిలితే సిరా వెలిసిపోతుందని బీరువాలోనే ఉంచుతాను.