మిషన్ ఇంపాజిబుల్ (1966–73): డీవీడీల నుంచి బ్లూరే దాకా, నా అనుభవం

టామ్ క్రూజ్ సినిమాలు చూసి మిషన్ ఇంపాజిబుల్ అంటే భవనాలు ఎక్కడం, విమానం రెక్క పట్టుకుని వేలాడడం అనుకునేవాళ్ళకి ఈ పాత సిరీస్ చాలా కొత్తగా అనిపిస్తుంది. ఇందులో పరుగులు తక్కువ. తుపాకీ మోతలు ఇంకా తక్కువ. నలుగురైదుగురు గూఢచారులు ఒక పని ఒప్పుకుని, పెద్దగా మాట్లాడకుండా, టెన్షన్ మొహంలో కనిపించనివ్వకుండా దాన్ని పూర్తి చేసి, వచ్చిన దారినే వెళ్ళిపోతారు. అమెరికాలో సీబీఎస్ చానల్లో 1966 సెప్టెంబరు నుంచి 1973 మార్చి దాకా ఏడు సీజన్లు, 171 ఎపిసోడ్లు నడిచింది. ఒక్కో ఎపిసోడ్ దాదాపు 50 నిమిషాలు. అంటే మొత్తం 140 గంటలు దాటుతుంది. నేను దీన్ని ముందు డీవీడీల్లో, తర్వాత బ్లూరేలో మొదటి నుంచి చివరి దాకా చూశాను. కొన్ని ఎపిసోడ్లు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

మొదటి సీజన్ డీవీడీ 2006 డిసెంబరులో వచ్చింది. తర్వాత ఒక్కో సీజన్ వస్తూ 2009 నవంబరుకి ఏడోది చేరింది. అప్పటికే అమెరికాలో ఉండడం వల్ల విడుదలైన వెంటనే కొనుక్కోగలిగాను. ఒక సీజన్ అయ్యాక తర్వాతి దానికోసం నెలల తరబడి ఎదురు చూసిన రోజులవి. 2020 డిసెంబరులో ఏడు సీజన్లూ కలిపి 46 డిస్కుల బ్లూరే సెట్ వచ్చింది. ఉన్న డీవీడీలు బాగానే ఆడుతుండగా మళ్ళీ డబ్బు పెట్టాలా అని ఇంట్లో చర్చ జరిగింది. పెట్టాలి అనేదే నా జవాబు. ఎందుకో చెప్తాను.

ఈ సిరీస్‌ని 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఆ రోజుల టీవీల్లో కనిపించినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వివరం ఆ నెగటివ్‌లో ఉంది. డీవీడీలో అది సగం సగమే బయటికొచ్చింది. బ్లూరేలో జట్టు ఇంజనీరు బార్నీ కాలియర్ చేతులు చూడండి. గోడకి కన్నం వేస్తున్నప్పుడు రాలే సున్నం, వైరు చుట్టూ ఒలిచిన ప్లాస్టిక్, మీటరు ముల్లు కదలిక, నుదుటి మీద చెమట చుక్క, అన్నీ స్పష్టంగా తెలుస్తాయి. ఈ సిరీస్‌కి ప్రాణమే అక్కడుంది. కథలో సగం పని చేతులు, పనిముట్లు, గడియారాల మీద నడుస్తుంది కాబట్టి, అవి మసకగా ఉంటే ఉత్కంఠ కూడా మసకబారుతుంది. డీవీడీలో "ఏదో తిప్పుతున్నాడు" అనుకున్న చోట బ్లూరేలో ఏ స్క్రూ తిప్పుతున్నాడో కనబడుతుంది.

బార్నీ పాత్ర వేసిన గ్రెగ్ మోరిస్ గురించి ఒక మాట చెప్పాలి. 1966 నాటి అమెరికన్ టీవీలో ఒక నల్లజాతి నటుడిని జట్టు మొత్తానికి మెదడు లాంటి ఇంజనీరుగా చూపించి, ఎవరూ దాని గురించి ఉపన్యాసం ఇవ్వకుండా, అది మామూలు విషయం అన్నట్టు నడిపించారు. ఏడు సీజన్లలోనూ ఉన్నాడాయన. ఇంజనీరింగ్ చదువుకున్న నాకు తెర మీద నచ్చిన ఇంజనీర్లలో మొదటివాడు ఆయనే.

బొమ్మ అంతటా ఒకేలా ఉంటుందని అనుకోకండి. ఒక సీను కరిగి ఇంకో సీనుగా మారే చోట్ల, పేర్లు పడే చోట్ల బొమ్మ కొంచెం మెత్తబడుతుంది. అవి అప్పట్లో ల్యాబులో ఇంకో ఫిల్మ్ మీదికి కాపీ చేసి కలిపినవి. విమానాలు దిగడం, ఊళ్ళ దృశ్యాలు లాంటివి పాత స్టాక్ ఫుటేజీ నుంచి తీసుకున్నారు కాబట్టి అవి గీతలతో, వెలిసిన రంగులతో ఉంటాయి. ఫిల్మ్ గ్రెయిన్‌ని, అంటే ఫిల్మ్‌లో సహజంగా కనిపించే సన్నటి రేణువుల్ని, మాత్రం తుడిచెయ్యకుండా వదిలారు. ముఖాలు మైనపు బొమ్మల్లా కనిపించవు. పాత టీవీ చట్రంలోనే, అటూ ఇటూ నల్ల పట్టీలతో ఇచ్చారు. తెర నింపడానికి పైనా కిందా కోసి ఉంటే నేను ఈ సెట్ కొనేవాణ్ణే కాదు.

స్పష్టత పెరిగితే దాచుకున్నవి కూడా బయటపడతాయి. మాస్కు తీసే చోట కట్ ఎక్కడ పడిందో, ఫైటింగులో డూపు ఎవరో తెలిసిపోతుంది. తూర్పు యూరప్‌లో ఉన్నట్టు చెప్పే దేశం కాలిఫోర్నియా ఎండలో మెరిసిపోతూ ఉంటుంది. నాకు ఇవేవీ అడ్డు రాలేదు. పైగా ఒక లాభం ఉంది. ఆ ఊహా దేశాల బోర్డుల మీద ఏ నిజమైన భాషా ఉండదు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి అర్థమయ్యేటట్టు, యూరప్ భాషలా కనిపించేటట్టు కల్పించిన మాటలు రాశారు. బ్లూరేలో గోడ మీది ప్రతి బోర్డూ చదువుకోవచ్చు. ఆపి మరీ చదువుతాను నేను.

మా అమ్మ ఆరు నెలలు మా దగ్గర ఉండి వెళ్ళినప్పుడు మధ్యాహ్నాలు నాతో కూర్చుని ఈ సిరీస్ చూసేది. ఆమెకి ఇంగ్లీషు అంతంతమాత్రం. వేరే ఏది పెట్టినా "ఏమంటున్నాడ్రా" అని అడిగే అమ్మ, దీనికి మాత్రం అడగలేదు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో జట్టు నాయకుడికి టేపు వినిపించే పని ఏమిటో నేను రెండు ముక్కల్లో చెప్తే చాలు, తర్వాత పది నిమిషాలు మాటే లేకుండా నడిచే భాగాలు నాకంటే శ్రద్ధగా చూసేది. జట్టులోని బలశాలి విల్లీ పెట్టె మోసుకుంటూ కాపలావాడి పక్కనుంచి వెళ్తుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. బ్రూస్ గెల్లర్ రూపొందించిన ఈ సిరీస్ బలం ఏమిటో నాకు అప్పుడు బాగా అర్థమైంది. పాత్రల సొంత గోడు, ప్రేమలు, ఇంటి కష్టాలు ఏవీ చెప్పరు. చేస్తున్న పనే కథ.

మొదటి సీజన్‌లోని "ఆపరేషన్ రోగోష్" ఉదాహరణగా తీసుకోండి. రోగోష్ సామూహిక హత్యల్లో ఆరితేరినవాడు. లాస్ ఏంజిలెస్‌లో ఏదో ఘోరానికి ఏర్పాటు చేసి పెట్టాడు. కొడితే చెప్పడు, బెదిరిస్తే చెప్పడు. అందుకని జట్టు అతన్ని కారుతో గుద్ది స్పృహ తప్పించి, జైలు గదిలో మేలుకునేలా చేస్తుంది. అతను కళ్ళు తెరిచేసరికి మూడేళ్ళు గడిచిపోయాయని, తన సొంత దేశంలోనే మరణశిక్ష పడిందని నమ్మిస్తారు. జైలు, కాపలావాళ్ళు, పక్క గది ఖైదీ, అంతా నాటకమే. అతను ఒక్కో ఆధారాన్నీ అనుమానంగా పరీక్షిస్తుంటే మనకి గుండె ఆగినంత పనవుతుంది. ఫ్రిట్జ్ వీవర్ రోగోష్‌గా కళ్ళతోనే ఆలోచన చూపించాడు. ఇక్కడ కూడా బ్లూరే అక్కరకొస్తుంది. ఆ కళ్ళలో అనుమానం ఎప్పుడు నమ్మకంగా మారిందో డీవీడీలో నేను ఇంత బాగా పట్టుకోలేదు. అదే సీజన్‌లో "ద ట్రెయిన్" కూడా వదలొద్దు. కదలని రైలు పెట్టెలో మనిషిని కూర్చోబెట్టి, కిటికీల అవతల కదిలే దృశ్యాలు వేసి, ప్రయాణం జరుగుతోందని నమ్మిస్తారు.

వరసగా చూస్తే మాత్రమే తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటి సీజన్‌లో జట్టు నాయకుడు డాన్ బ్రిగ్స్. ఆ వేషం వేసిన స్టీవెన్ హిల్ నిష్ఠ గల యూదు మతస్థుడు. శుక్రవారం పొద్దు కుంకకముందే షూటింగ్ వదిలి వెళ్ళేవాడు. సీజన్ ముందుకు పోయేకొద్దీ బ్రిగ్స్ మొదట్లో టేపు విని పథకం చెప్పి తప్పుకోవడం, అసలు పని రోలిన్ హ్యాండ్ భుజాల మీద పడడం కళ్ళారా చూస్తాం. రోలిన్‌గా నటించిన మార్టిన్ లాండో ఆ సీజన్‌లో పేరుకి అతిథి నటుడే, రెండో సీజన్ నుంచి శాశ్వత సభ్యుడయ్యాడు. అప్పుడే పీటర్ గ్రేవ్స్ జిమ్ ఫెల్ప్స్‌గా వచ్చి చివరి దాకా ఉన్నాడు. గ్రేవ్స్ పేరు అందరికీ తెలుసు. హిల్‌ని మరిచిపోయారు. నాకైతే హిల్ మొహంలో ఉన్న బరువు, అలసట ఈ పనికి ఎక్కువ సరిపోయాయనిపిస్తుంది.

మూడో సీజన్ శిఖరం. "ద మైండ్ ఆఫ్ స్టెఫాన్ మిక్లోస్"లో అవతలివాడు మహా తెలివైనవాడు కాబట్టి, అతను తనంతట తానే కనిపెట్టానని మురిసిపోయేంత సన్నటి ఆధారాలు వదలాలి. "ద ఎక్స్‌ఛేంజ్"లో జట్టులోని సినమన్ (బార్బరా బెయిన్) శత్రువులకి దొరికిపోతుంది. ఇరుకు గదంటే ఆమెకున్న భయాన్ని వాళ్ళు ఆయుధం చేసుకుంటారు. బెయిన్‌కి 1967, 68, 69ల్లో వరసగా మూడు ఎమ్మీలు (అమెరికా టీవీ అవార్డులు) ఎందుకిచ్చారో ఆ ఒక్క ఎపిసోడ్ చూసినా తెలుస్తుంది. ఆ సీజన్ తర్వాత పారితోషికం గొడవతో బెయిన్, ఆమె భర్త లాండో ఇద్దరూ వెళ్ళిపోయారు. స్టార్ ట్రెక్ అప్పుడే ముగియడంతో అందులో నటించిన లియొనార్డ్ నిమోయ్ వచ్చి రెండు సీజన్లు చేశాడు. మంచి నటుడే, కానీ లాండోలో ఉన్న అల్లరి ఆయనలో లేదు. ఆరు, ఏడు సీజన్లలో విదేశీ నియంతలు పోయి అమెరికాలోని మాఫియా ముఠాలు వచ్చాయి. అవి ఒకదానికొకటి పోలి ఉంటాయి. ఆరో సీజన్‌లో విలియం షాట్నర్ నటించిన "ఎన్‌కోర్" మాత్రం చూడాల్సిందే. ముసలి రౌడీని మళ్ళీ 1937లోకి వెళ్ళిపోయానని నమ్మిస్తారు.

శబ్దం సంగతి. చుట్టూ స్పీకర్లలో వినిపించే 5.1 ట్రాక్, ఒకే చానల్ ఉన్న పాత మోనో ట్రాక్ రెండూ ఉన్నాయి. నేను మోనోయే పెట్టుకుంటాను. 5.1లో సంగీతం వెడల్పుగా పరుచుకుంటుంది కానీ, ఆ నిశ్శబ్దాల్లో వినిపించాల్సిన చిన్న టిక్కుటిక్కులు మోనోలోనే బిగువుగా ఉంటాయి. లాలో షిఫ్రిన్ కట్టిన ఆ టైటిల్ సంగీతం అయిదు లెక్కలో నడుస్తుంది. మా ఇంట్లో మృదంగం నేర్చుకుంటున్న మా అబ్బాయి తొడ మీద తాళం వేసి "నాన్నా, ఇది ఖండమే కదా" అన్నాడు. అయిదే, విరుపులు మాత్రం మన ఖండచాపులా కాకుండా వేరుగా పడతాయి. షిఫ్రిన్ 2025 జూన్‌లో పోయారు. ఆ వారమంతా మా ఇంట్లో రోజూ ఒక ఎపిసోడ్ నడిచింది.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన విషయం. ఇంత పెద్ద సెట్‌లో ఎపిసోడ్లు తప్ప ఇంకేమీ లేవు. ఒక ఇంటర్వ్యూ లేదు, కామెంటరీ లేదు, తెర వెనుక కబురు లేదు. డీవీడీలు వస్తున్న 2006–09 మధ్య హిల్, లాండో, గ్రేవ్స్ ముగ్గురూ బతికే ఉన్నారు. గ్రేవ్స్ 2010లో, హిల్ 2016లో, లాండో 2017లో పోయారు. గెల్లర్ 1978లోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు కాబట్టి, ఆయన గురించి చెప్పగలిగినవాళ్ళలో వీళ్ళు ముఖ్యులు. అదే కాలానికి చెందిన ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్ సిరీస్ 2007లో సూట్‌కేసు లాంటి పెట్టెలో వస్తే, అందులో దాని హీరోలు రాబర్ట్ వాన్, డేవిడ్ మెకాలమ్ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించారు. అలాంటి గంట ఇక్కడ కూడా ఉండి ఉంటే ఈ సెట్‌కి ఎంత చెల్లించమన్నా చెల్లించేవాణ్ణి.

కొనాలనుకునేవాళ్ళకి వాడకంలో తెలిసిన కొన్ని సంగతులు. రోజుకి ఒకటి, మహా అయితే రెండు చూడండి. టేపు, ఫొటోలు, పథకం, మోసం, కారులో వెళ్ళిపోవడం అనే వరస మారదు. ఏకబిగిన చూస్తే విసుగొస్తుంది, తప్పు సిరీస్‌ది కాదు. వారానికొకటి చూడ్డానికి తీసినవి ఇవి. అగ్గిపుల్ల వత్తికి అంటుకున్నాక టైటిల్స్‌లో పరిగెత్తే ముక్కలన్నీ ఆ ఎపిసోడ్‌లోవే. కొన్నిసార్లు చివరి దృశ్యం కూడా అందులో తళుక్కుమంటుంది. ముందే తెలియడం ఇష్టంలేనివాళ్ళు ఆ నిమిషం కళ్ళు పక్కకి తిప్పుకోవచ్చు. సెట్ చేతికి రాగానే డిస్కులన్నీ ఒకసారి ఆడించి చూసుకోండి. నాకు వచ్చినదాంట్లో ఒకటి రవాణాలో గీత పడి మధ్యలో ఆగిపోయింది. గడువులోపల చెప్పడం వల్ల మార్చి ఇచ్చారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి, టేపు మీది పేర్లు పట్టుకోవడానికి బాగా ఉపయోగపడతాయి.

1988–90లో గ్రేవ్స్‌తోనే ఆస్ట్రేలియాలో తీసిన రెండు సీజన్లు, 35 ఎపిసోడ్లు, ఈ బ్లూరే పెట్టెలో లేవు. అవి విడిగా డీవీడీలో దొరుకుతాయి. అందులో బార్నీ కొడుకుగా గ్రెగ్ మోరిస్ సొంత కొడుకు ఫిల్ మోరిస్ నటించాడు. అభిమానులకి అది చాలు, మిగతావాళ్ళకి అంత అవసరం లేదు.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఒకటి గమనించాలి. డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడుతుందో చెప్పే గుర్తు రీజియన్. అమెరికా డీవీడీలు రీజియన్ 1, మన దేశానిది రీజియన్ 5. బ్లూరేలకైతే అమెరికా ఏ, మనది సీ. కొనేముందు పెట్టె మీద ఏ గుర్తు ఉందో అమ్మేవాళ్ళని అడగండి. లేదా అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఉంటే నిశ్చింత. నా పాత డీవీడీలు విజయవాడలో మా అన్నయ్యకి ఇచ్చేసినప్పుడు అలాంటి ప్లేయర్ కూడా కొనిచ్చాను. ఇప్పుడు ఆయన నాలుగో సీజన్‌లో ఉన్నాడు, లాండో ఎందుకు కనబడట్లేదని మొన్న ఫోన్ చేశాడు.