పది తర్వాత ట్రిపుల్ ఐటీనా, పాలిటెక్నిక్కా, ఇంటరా?

ఇంట్లో ఇంతకుముందు ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. పిల్లకి పదిలో మార్కులు బాగా వచ్చాయి. ఎటు పంపాలి? అందరూ ప్యాకేజీలు చూస్తారు. ఇలాంటి ఇంటికి నేను ముందు చూడమనేది వేరు: చదువు పూర్తయ్యేలోపు ఎన్నిసార్లు కొత్తగా అప్లై చేసి, ఎంచుకుని, డబ్బు సర్దుకోవాలి? అలా ఆగిన ప్రతిచోటా అడగడానికి ఇంట్లో మనిషి ఉండరు మరి.

ఆ లెక్కన ఇంటరే కష్టమైన దారి. రెండేళ్లకు ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్, తర్వాత సర్టిఫికెట్ వెరిఫికేషన్, కావాల్సిన కాలేజీల్ని ఆన్‌లైన్‌లో వరసగా పెట్టుకునే వెబ్ ఆప్షన్లు. ఆప్షన్ల రోజు నెట్ సెంటర్‌లో చూడాలి. తండ్రి ఫోన్‌లో ఓటీపీ చదివి చెబుతుంటాడు, సెంటర్ కుర్రాడు తనకి తెలిసిన కాలేజీ కోడ్‌లు టకటకా కొట్టేస్తాడు. వరసలో పైన పెట్టింది ర్యాంకుకి అందితే అదే ఖాయమని ఆ పిల్లకి చెప్పేవాళ్లుండరు. ఇంకో గొయ్యి ఉంది. మేనేజ్‌మెంట్ కోటాలోనో, చివర్లో మిగిలిన సీట్లు నింపే స్పాట్‌లోనో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ‘స్కాలర్‌షిప్ వస్తుందిలెండి’ అన్న ఏజెంటు మాట నమ్మితే నాలుగేళ్ల ఫీజూ అప్పే. కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటే అయినా, సర్కారు బకాయి పడితే సర్టిఫికెట్ల దగ్గర మెలిక పెట్టే కాలేజీలున్నాయి.

ట్రిపుల్ ఐటీని, అంటే ఆర్‌జీయూకేటీని, 2008లో పెట్టిందే పల్లె పిల్లల కోసం. బాసర, నూజివీడు, ఇడుపులపాయ. ఆ తర్వాత శ్రీకాకుళం, ఒంగోలు. పదో తరగతి మార్కులతోనే సీటు, ప్రభుత్వ బడి పిల్లలకి కాస్త అదనంగా కలుపుతారు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, హాస్టల్ అన్నీ ఒకేచోట. మధ్యలో ఈఏపీసెట్ గొడవే లేదు. గదిలో పక్కవాళ్ల ఇంట్లోనూ చాలావరకు ఇదే పరిస్థితి కాబట్టి తెలియనిది అడగడానికి మొహమాటం ఉండదు. నా దృష్టిలో ఇదే పెద్ద సాయం. ఇబ్బందల్లా పదిహేనేళ్లకే ఇల్లు వదలడం, తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడటం. ఉండలేకపోతే పీయూసీతో బయటికి రావచ్చు, అది ఇంటర్‌తో సమానమే.

పాలిటెక్నిక్‌ని అనవసరంగా చిన్నచూపు చూస్తారు. ప్రభుత్వ కాలేజీలో ఫీజు తక్కువ. మూడేళ్లకు డిప్లొమా చేతికొస్తుంది, ఇంట్లో పరిస్థితి తలకిందులైనా ఉద్యోగం వెతుక్కోవచ్చు. చదవాలనుంటే డిప్లొమా వాళ్లకి పెట్టే ఎంట్రన్స్ ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మొత్తం ఆరేళ్లే, ఇంటర్ దారిలోనూ అంతే కదా! కాకపోతే బ్రాంచి పదితోనే తేల్చుకోవాలి.

నన్నడిగితే, ట్రిపుల్ ఐటీ సీటొస్తే అదే. రాకపోతే ప్రభుత్వ పాలిటెక్నిక్. డాక్టర్ కావాలనుంటే మాత్రం ఇంటర్ బైపీసీ తప్పదు. అప్పుడూ అప్పు చేసి కార్పొరేట్ కాలేజీకి పరిగెత్తే ముందు గురుకుల జూనియర్ కాలేజీకి అప్లై చేయండి. ఎంపీసీలో చేర్చినవాళ్లు ఆప్షన్ల రోజు ఊళ్లో బీటెక్ చదువుతున్న పిల్లల్ని ఎవరినైనా నెట్ సెంటర్‌కి వెంట తీసుకెళ్లండి.