మడత ర్యాంపు కొనేముందు పైఅంచు సంగతి అడగండి

మా నాయనకి పక్షవాతం వచ్చి వీల్‌చైర్‌లో కూర్చున్నప్పటి నుంచి మెట్ల మీద వాలుగా పరిచి కుర్చీ ఎక్కించే ఈ అల్యూమినియం మడత ర్యాంపు వాడతన్నాం. ఒంగోల్లో అద్దె ఇల్లు మాది, గుమ్మం ముందు 2 మెట్లు, కలిపి 14 అంగుళాల ఎత్తు. సిమెంటుతో పోయించుకుంటామంటే ఓనరు ఒప్పుకోలా, అందుకే 7 అడుగులది ఇది కొన్నాం. ఎంత బరువు మోస్తది, ఎంత వెడల్పు, అయ్యన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతయ్, నేను చెప్పను. నా బాధంతా పైన మెట్టు మీద ఆనే అంచు గురించే. దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు, పిన్ను లేదు, బెల్టు లేదు, ఊరికే ఆనుకోని ఉంటది అంతే.

మా మెట్లు చీమకుర్తి నల్ల గ్రానైట్, మా వైపు ఇళ్ళల్లో చాలావరకు అదేగా, అద్దంలాగా పాలిష్ ఉంటది. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ లేదు. కార్తీకంలో వాయుగుండం పట్టి ముసురు వదలకుండా పడతా ఉంటే ఓ సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చాం. మా బావ వెనక తోస్తన్నాడు, నేను పైన నిలబడి ముందు పట్టుకున్నా. చిన్న చక్రాలు గడప దాకా వచ్చినయ్, పెద్ద చక్రాలు అంచు దగ్గర ఆగినయ్, బావ గట్టిగా ఒక్క తోపు తోశాడు, ఆ తోపుకి ర్యాంపు ఎనక్కి జారింది. కాళ్ళు తన్నిపెట్టి కుర్చీని ఎంత ముందుకి తోస్తే కిందున్న ర్యాంపుని అంత ఎనక్కి నెడతాం కదా, తడి గ్రానైట్ మీద ఆ అంచుకి పట్టేముంటది. అది పైమెట్టు మీంచి జారి కిందమెట్టు మీద ఠపీమని పడింది, కుర్చీ ఎనక్కి వాలింది. బావ ఒళ్ళంతా అడ్డం పెట్టి ఆపాడు కాబట్టి సరిపోయింది, నాయన మోచెయ్యి గ్రిల్‌కి కొట్టుకోని తోలు లేచింది. అమ్మ కేకకి పక్కింటోళ్ళు వచ్చి తలా ఒక చెయ్యేసి లోపలికి ఎత్తారు. ఆ రాత్రి నాయన "నన్నింక యాడికీ తీసకపోబాకండిరా, మంచం మీదే ఉంటా" అన్నాడు. తర్వాత చానాళ్ళు ఫిజియోథెరపీకి కూడా రానన్నాడు. దెబ్బ మానింది గానీ ఆ భయం మానలా, నాకు ఈ ర్యాంపు మీద కోపమంతా అందుకే.

అమ్మినోళ్ళకి ఫోన్ చేస్తే గరుకు నేల మీద వాడాలండీ అన్నారు. మా ఊళ్ళో ఎవరి గడప ముందు గరుకు నేల ఉందో నాకైతే తెలీదు.

కర్నూలు రోడ్డులో వెల్డింగ్ చేసే అతని దగ్గరికి తీసకపోయా. అల్యూమినియం మామూలు వెల్డింగుకి రాదు, ఆర్గాన్ గ్యాసు పెట్టి చేసే వెల్డింగు కావాలి, పైగా ఆ వేడికి అంచు మెత్తబడుద్ది, వద్దులే అన్నాడు. అంచుకి రెండు పక్కలా బెజ్జాలేసి స్టీలు బోల్టులు, వాటికి రింగులు పెట్టాడు. ఆ రింగుల్లోంచి లారీల మీద సరుకు బిగించే బెల్టులు వేసి వరండా గ్రిల్ అడుగు కడ్డీకి లాగి కడతాం, అంచు కింద రబ్బరు షీటు పరుస్తాం. రబ్బరొక్కటే చాలదు, నీళ్ళు చేరితే అదీ జారద్ది, పట్టి ఉంచేది బెల్టే. అప్పట్నుంచి అంగుళం కదల్లేదు. సొంత ఇల్లయితే గ్రానైట్‌కే బెజ్జాలేసి పిన్నులు దించుకోవచ్చు, మాకు ఆ వీల్లేదు.

తేలిగ్గా ఉంటదని మొదట్లో నేనే అందరికీ చెప్పా. రెండు ముక్కలుగా విడిపోద్ది గానీ మొత్తం 20 కిలోల దాకా ఉంటది, మాకు తేలికే, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకి కాదు. రోహిణి కార్తెలో మధ్యాన్నం ఒట్టికాళ్ళతో దాని మీద నిలబడలేం. కొత్తపట్నంలో మా మేనత్త ఇంటికి తీసకపోయి వచ్చినప్పుడల్లా మంచినీళ్ళతో కడగాల్సిందే, ఉప్పుగాలికి స్టీలు స్క్రూలున్న చోట తెల్లగా పొడి లేస్తంది.

అయితే ఒకటి చెప్పాలి. అద్దంకిలో మా చెల్లి వరస అమ్మాయి పెళ్ళికి దీన్ని కార్లో ఏసకపోయాం. స్టేజీ స్తంభాలకి బెల్టులు కట్టి నాయన్ని పైకి ఎక్కిచ్చాం, ఎడం చేత్తోనే అక్షింతలు వేశాడు. ఎప్పుడూ కింద కూర్చుని ఫోటోల్లో చూసుకునే మనిషి. ఆ రోజు తిరిగొచ్చేప్పుడు ఫిజియో వాళ్ళు ఎప్పుడు రమ్మన్నారని ఆయనే అడిగాడు.

కొనమంటానా అంటే, ఎత్తెంతో చూసుకోండి. అంగుళం ఎత్తుకి అడుగు పొడుగు అనేది లెక్క, ఆ లెక్కన మాకు 14 అడుగులు కావాలి, కానీ మెట్ల నుంచి గేటుకి 10 అడుగులే ఉంది. 7 అడుగులది అంటే వాలు రెట్టింపు, బలమైన మనిషి వెనక లేకుండా ఎక్కించకూడదు, నాయన తనంతట తను అసలు ఎక్కలేడు. దించేటప్పుడు కుర్చీ వీపు వీధివైపు పెట్టి, తోసే మనిషి కింద ఉండి, ఎనక్కి దించుకోండి, ముందుకి దించితే మనిషి జారి పడతాడు. సొంత ఇల్లు, స్థలం ఉంటే మాత్రం దీని జోలికి పోకండి, రెండు వైపులా పట్టుకోను కడ్డీలు పెట్టి సిమెంటుతోనే పోయించుకోండి. మాలాగా అద్దె ఇల్లయితే తీసుకోండి, కాకపోతే షాపులోనే పైఅంచుకి పిన్ను బెజ్జాలుగానీ బెల్టులుగానీ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే వేరేది చూపించమనండి.